ఎండ కోసం వెళ్ళే ఊరికి మనం పడే బాకీ

సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ శ్రీ పరాభవ నామ సంవత్సర ఉగాది శుభాకాంక్షలు. పేరు విని ఎవరూ బెంగపడనక్కరలేదు. అరవై ఏళ్ళ చక్రంలో పేర్లు వాటి వరుసలో అవి వచ్చిపోతుంటాయి. కిందటి పరాభవ 1966లో వచ్చింది. ఆ రోజుల్లో ఈ దేశానికి డాక్టర్లుగా వచ్చిన మనవాళ్ళు జేబులో మూడు పౌన్లతో విమానం దిగిన కథలు, మన గుడిలో ప్రసాదం వరుసలో నిలబడితే ఇప్పటికీ వినిపిస్తాయి. మేమిద్దరం వారి తర్వాత చాలా ఏళ్ళకు వచ్చినవాళ్ళం. మా కథ అంత గొప్పదేమీ కాదు. అయినా వానలు, చలి, రెండు ఉద్యోగాలు, పిల్లల చదువులు అన్నీ దాటుకుంటూ రిటైర్మెంట్ దాకా వచ్చాం.

ఇప్పుడు మా వయసు వాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఒకటే మాట. "ఇంకెన్నాళ్ళండీ ఈ ముసురులో? హాయిగా స్పెయిన్ వెళ్ళిపోదాం" అని. మాకూ ఆ ఆలోచన ఉంది. మూడు చలికాలాలుగా వలెన్సియా నగరంలో కొన్ని వారాలు గడిపి వస్తున్నాం. అక్కడే ఉండిపోదామా అన్న ప్రశ్న మా ఇంట్లో చాలాకాలంగా నలుగుతోంది. మొదట్లో అది డబ్బు లెక్కలాగే కనిపించింది. ఆలోచించిన కొద్దీ ధర్మం లెక్కగా మారింది. మాతోపాటు మీరూ ఆలోచిస్తారని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ నాలుగు అంకెలు చదువుతారు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. జాతకాల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టిన పెద్దల బుద్ధిని మెచ్చుకోవాలి. మొదటి రెండూ డబ్బు లెక్కలు. తర్వాతి రెండూ నలుగురిలో మన స్థానం లెక్కలు. పరాయి ఊళ్ళో ఇల్లు చూసుకునేవాళ్ళం మొదటి రెండూ పైసాతో సహా వేసుకుంటాం. మిగతా రెండింటి జోలికి ఎవరూ పోరు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రెండింటి గురించే.

ముందు ఆదాయ వ్యయాలు చూద్దాం. ఎందుకంటే ఆశ అక్కడే మొదలవుతుంది. బ్రిటన్‌లో సగటున ఏడాదికి 1,400 గంటల ఎండ కాస్తుంది. వలెన్సియాలో దాదాపు 2,700 గంటలు. జనవరి మధ్యాహ్నం కూడా 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. మోకాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది, మనసుకూ తెలుస్తుంది. ఇక కాగితాల సంగతి. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు వీసా లేకుండా 180 రోజుల్లో 90 రోజులే ఉండగలరు. అంతకు మించి ఉండాలంటే, ఉద్యోగం చేయకుండా సొంత రాబడితో బతికేవాళ్ళకు స్పెయిన్ ఒక వీసా ఇస్తుంది. 2025 లెక్క ప్రకారం దానికి నెలకు 2,400 యూరోల రాబడి చూపించాలి, భార్యో భర్తో వెంట ఉంటే మరో 600. ఆరోగ్య బీమా కూడా ఉండాలి. ఉద్యోగాల్లో ఉన్న పిల్లలకైతే, కంప్యూటర్ ముందు కూర్చుని వేరే దేశపు కంపెనీకి పనిచేసుకునే వీసా 2022 చివరి చట్టంతో వచ్చింది. ఇళ్ళు కొన్నవాళ్ళకు ఇచ్చే 'గోల్డెన్ వీసా'ను మాత్రం 2025 ఏప్రిల్ 3తో ఎత్తేశారు. మనలో ఇంకా భారత పాస్‌పోర్టుతో ఇక్కడ శాశ్వత నివాస అనుమతి మీద ఉన్నవాళ్ళు మరొకటి గుర్తుంచుకోవాలి. వరసగా రెండేళ్ళు ఈ దేశానికి బయట ఉంటే ఆ అనుమతి పోతుంది.

ఇవన్నీ ఏ ఏజెంటైనా చెబుతాడు. అసలు ప్రశ్నకు వద్దాం. ఒక ఊరిని కేవలం దాని ఎండ కోసం, చౌక కోసం ఎంచుకుని వెళ్ళి ఉండడం తప్పా? తప్పు కాకపోతే, ఆ ఊరికి మనం ఏమైనా బాకీ పడతామా?

తప్పని మేము అనుకోవడం లేదు. మనిషి ఎప్పుడూ నీళ్ళున్న చోటికి, నీడున్న చోటికి వెళ్ళాడు. కృష్ణా గోదావరి ఒడ్డున మన తాతముత్తాతలు స్థిరపడింది అక్కడి ఒండ్రుమట్టిని చూసే కదా! వయసు మళ్ళిన శరీరం వెచ్చదనం కోరుకుంటే అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పిల్లలు స్థిరపడ్డారు, బాధ్యతలు తీరాయి, మిగిలిన నాలుగు రోజులూ హాయిగా గడుపుకుంటే ఎవరికి నష్టం అని మన మిత్రులు అడిగితే, ఆ ప్రశ్నలో న్యాయం ఉంది.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి, "ఇదే మన కాలపు వానప్రస్థం" అంటారు. ఇక్కడ మాత్రం ఆగి ఆలోచించాలి. మనుస్మృతి ఆరో అధ్యాయంలో వానప్రస్థం గురించి ఉంది. ఒంటిమీద ముడతలు, తలమీద నెరుపు, మనుమల ముఖం చూశాక గృహస్థు అడవికి వెళ్ళవచ్చు. నిజమే. కానీ అక్కడికి వెళ్ళాక కూడా పంచ మహాయజ్ఞాలు మానడానికి వీల్లేదు. తనకు దొరికిన దుంపల్లోంచి, పళ్ళల్లోంచి ఆశ్రమానికి వచ్చిన వాళ్ళకు పెట్టాల్సిందే. అంటే రిటైర్మెంట్ ఉంది గాని, సాటిమనిషి పట్ల బాధ్యతకు రిటైర్మెంట్ లేదు. పైగా వానప్రస్థుడు అడవి నుంచి వీలైనంత తక్కువ తీసుకోవాలి. మనం వెతుకుతున్నది బాల్కనీ ఉన్న రెండు పడగ్గదుల ఫ్లాటు. పోలిక పెట్టేటప్పుడు ఆ తేడా కూడా చెప్పుకోవాలి.

ఋణాల మాట మనందరికీ తెలుసు: దేవ ఋణం, ఋషి ఋణం, పితృ ఋణం. ఇవి మూడే అనుకుంటాం. శతపథ బ్రాహ్మణం నాలుగోది కూడా చెప్పింది, అది మనుష్య ఋణం. మనిషి పుట్టడమే తోటి మనుషులకు బాకీతో పుడతాడట. ఆ బాకీ తీర్చే దారి కూడా అక్కడే చెప్పారు. తోటివారికి ఉండడానికి చోటివ్వడం, తినడానికి అన్నం పెట్టడం. వేల ఏళ్ళనాటి ఆ మాటలో మొదటిది 'చోటు' కావడం మమ్మల్ని ఆలోచింపజేసింది. ఎందుకంటే ఈ రోజు మధ్యధరా తీరపు నగరాల్లో జరుగుతున్న గొడవంతా చోటు గురించే.

2024లో స్పెయిన్‌లో ఏం జరిగిందో పేపర్లలో చూసే ఉంటారు. జూన్ చివర మాలగాలో, జులైలో బార్సిలోనాలో జనం వీధుల్లోకి వచ్చారు. బార్సిలోనాలో కొందరు పర్యాటకుల మీద బొమ్మ పిస్తోళ్ళతో నీళ్ళు చల్లారు. ఆ నగరపాలక సంస్థ, పర్యాటకులకు అద్దెకిచ్చే సుమారు పదివేల ఫ్లాట్ల అనుమతులను 2028 నవంబరు నాటికి ఆపేస్తామని ప్రకటించింది. అక్టోబరు 19న వలెన్సియాలోనూ వేలమంది ఊరేగింపు తీశారు. అందరిదీ ఒకే బాధ: పుట్టిన ఊళ్ళో అద్దె కట్టలేకపోతున్నామని. పౌన్లలోనో డాలర్లలోనో సంపాదించి వచ్చినవాడికి చౌకగా కనిపించే అద్దె, అక్కడి నర్సుకు, బస్సు డ్రైవరుకు, బడి పంతులుకు నెల జీతంలో సగం. మన 'చౌక' వాళ్ళ 'ప్రియం'. ఒకే ఇంటికి రెండు ధరలు ఉండవు కదా!

ఆ ఊరేగింపు జరిగిన పది రోజులకే, అక్టోబరు 29న, వలెన్సియా ప్రాంతం మీద ఆకాశం విరుచుకుపడింది. ఏడాదికి పడాల్సిన వాన కొన్నిచోట్ల కొన్ని గంటల్లోనే కురిసింది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. నగరం దాదాపు క్షేమంగా ఉంది గాని దానికి దక్షిణాన ఉన్న ఊళ్ళు బురదలో మునిగాయి. మర్నాటి నుంచే నగరంలోని జనం, ముఖ్యంగా కుర్రకారు, చీపుళ్ళు, పారలు, నీళ్ళ సీసాలు పట్టుకుని నది మీద ఉన్న కాలినడక వంతెన దాటి వేలాదిగా ఆ ఊళ్ళకు నడిచి వెళ్ళారు. ఆ దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. ఊరు అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. ఎండ కాసేటప్పుడు ఊళ్ళో అందరూ ఉంటారు. బురద వచ్చినప్పుడు చీపురు పట్టుకున్నవాళ్ళే ఊరివాళ్ళు.

నగరం ఎందుకు క్షేమంగా ఉందో కూడా చెప్పాలి. 1957 అక్టోబరులో తూరియా నది పొంగి వలెన్సియాను ముంచేసింది. ఆ తర్వాత నదినే నగరానికి దక్షిణంగా కొత్త మార్గంలోకి మళ్ళించారు. నగరం మధ్యలో ఎండిపోయిన పాత నదీగర్భం మిగిలింది. అందులో పెద్ద మోటారు రోడ్డు వేయాలని ప్రభుత్వం అనుకుంది. ఊరి జనం ఒప్పుకోలేదు. 1970లలో పోరాడి, అది తోట కావాలని పట్టుబట్టారు. ఈ రోజు సుమారు తొమ్మిది కిలోమీటర్ల పొడవున్న తూరియా ఉద్యానవనం అలా వచ్చింది. మేము అక్కడ ఉన్నప్పుడు రోజూ ఉదయం నడిచేది అందులోనే. నారింజ చెట్ల కింద బెంచీ మీద కూర్చుని "ఎంత చక్కటి ఊరండీ" అనుకుంటాం. ఆ చక్కదనం ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో సమావేశాలు పెట్టుకుని, ఎవరో పన్నులు కట్టి, ఎవరో రోడ్డెక్కి సాధించినది. ఎండ ఒక్కటే దేవుడిచ్చింది. నీడ మనుషులు పెంచింది.

వలెన్సియాలో మమ్మల్ని అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఇంకొకటి ఉంది. ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు అక్కడి ప్రధాన చర్చి గుమ్మం ముందు నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. నగరం చుట్టూ ఉన్న పొలాలకు తూరియా నీళ్ళిచ్చే ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న ప్రతినిధులే న్యాయమూర్తులు. నల్లటి అంగరఖాలు తొడుక్కుని గుండ్రంగా కూర్చుంటారు. వకీళ్ళు ఉండరు, వాదన అంతా నోటిమాటగా, వాళ్ళ వలెన్సియన్ భాషలోనే. ఆరోపణ ఏ కాలువ రైతు మీద వస్తే, ఆ కాలువ ప్రతినిధి తీర్పులో కలగజేసుకోడు. ఈ కాలువల పద్ధతి అరబ్బుల పాలన నాటిది. 2009లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వంగా గుర్తించింది. మనకు దీనితో ఒక చిన్న బంధుత్వం కూడా ఉంది. 19వ శతాబ్దంలో ఇండియాలో కాలువలు తవ్విస్తున్న ఆంగ్ల ప్రభుత్వం, నీళ్ళ పంపకం ఎలా చేయాలో నేర్చుకోవడానికి తూర్పు స్పెయిన్ మీద ఒక నివేదిక రాయించుకుంది. క్లెమెంట్స్ మార్కమ్ రాసిన ఆ నివేదిక 1867లో అచ్చయింది.

నీళ్ళ వంతు కోసం గట్ల మీద తగాదాలు చూసిన పల్లెటూరి వాళ్ళకు ఆ న్యాయస్థానం విలువ వెంటనే అర్థమవుతుంది. అక్కడ సూత్రం ఒక్కటే. నీళ్ళు ఎక్కువున్నా తక్కువున్నా వాటా ప్రకారమే అందరికీ. డబ్బున్నవాడు ఎక్కువ కొనుక్కుంటానంటే కుదరదు. ఎందుకంటే పైవాడు ఎక్కువ తోడితే కిందవాడి చేను ఎండుతుంది. ఇళ్ళ విషయంలో అలాంటి న్యాయస్థానం ఎక్కడా లేదు. కాబట్టి ఆ తీర్పు ఎవరికి వారు చెప్పుకోవాలి.

ఇక్కడ మన గురించి మనం ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మనది రెండో వలస. మొదటి వలసలో మన చేతిలో ఏమీ లేదు. ఈ దేశానికి మన పని కావాలి, మనకు వీళ్ళ జీతం కావాలి. ఎవరూ వెళ్ళని ఊళ్ళలో ఆసుపత్రి డ్యూటీలు చేశాం, కొట్లు నడిపాం, రాత్రి షిఫ్టులు చేశాం. భాష రాకపోతే ఉద్యోగం లేదు కాబట్టి భాష నేర్చుకున్నాం. గుడి కట్టకముందు పండగలకు చర్చి హాలు అద్దెకు అడిగి, ముగ్గులు చెరిపి, అరటాకులు ఏరి, వచ్చినప్పటికన్నా శుభ్రంగా అప్పగించి వచ్చేవాళ్ళం. అంటే అవసరమే మనకు మర్యాద నేర్పింది.

రెండో వలస అలాంటిది కాదు. ఈసారి మన చేతిలో పెన్షన్ ఉంది, ఇల్లు అమ్మిన డబ్బు ఉంది. అక్కడ ఎవరి దగ్గరా ఉద్యోగం అడగనక్కర లేదు. భాష రాకపోయినా రోజు గడుస్తుంది, ఇంగ్లీషు మెనూ కార్డులు ఉండనే ఉన్నాయి. అక్కడివాళ్ళకు కోపం వచ్చినా మన అద్దె డబ్బు కోసం నవ్వుతారు. మర్యాద నేర్పే అవసరం ఏదీ లేదు. అందుకే ఈసారి ఆ మర్యాదను మనమే కట్టుకుని తీసుకువెళ్ళాలి. మొదటి వలసలో మనల్ని ఎవరైనా 'వీళ్ళు కలవరు' అంటే మనసు ఎంత నొచ్చుకునేదో గుర్తుందిగా! పక్కింటి ఇంగ్లీషు పెద్దావిడ ఒక్కసారి 'నమస్కారం' అన్నందుకు ఇంటికి పిలిచి పులిహోర పెట్టినవాళ్ళం. ఇచ్చే చోట, పుచ్చుకునే చోట రెండు వేరువేరు నీతులు పాటిస్తే దాన్ని మన పెద్దలు 'ఏ ఎండకా గొడుగు' అన్నారు. ఎండ కోసం వెళ్ళేవాళ్ళం ఆ సామెతకు ఉదాహరణ కాకుండా చూసుకోవాలి.

మా మిత్రులతో ఈ మాట అన్నప్పుడు మూడు అభ్యంతరాలు వచ్చాయి. మూడూ ఆలోచించదగ్గవే.

మొదటిది: "మనం అక్కడ డబ్బు ఖర్చుపెడుతున్నాం కదా, వాళ్ళకు లాభమే కదా?" లాభమే. కాఫీ కొట్టువాడికి, మందుల షాపువాడికి, ఇంటి యజమానికి లాభమే. కానీ ఖర్చు పెట్టినందుకు ప్రతిఫలం మనకు అప్పుడే ముట్టింది. కాఫీ తాగాం, మందు పుచ్చుకున్నాం, ఇంట్లో ఉన్నాం. ఆ ఖాతా అక్కడితో సరి. తోటకు, కాలువకు, ప్రశాంతమైన వీధికి, రాత్రి భయం లేకుండా నడవగలగడానికి మనం ఏ కౌంటరు దగ్గరా డబ్బు కట్టలేదు. బాకీ అంటున్నది వాటి గురించి.

రెండోది: "అద్దెలు పెంచింది అక్కడి యజమానులు, చట్టాలు చేయనిది అక్కడి ప్రభుత్వం. మనమేం చేశాం?" ఇదీ నిజమే. అద్దెలు పెరగడానికి బోలెడు కారణాలు ఉన్నాయి. కొత్త ఇళ్ళు చాలినన్ని కట్టకపోవడం ఒకటి, ఉన్నవాటిని పర్యాటకులకు వారం వారం అద్దెకివ్వడం మరొకటి. ముసలి దంపతులు ఒక ఫ్లాటు తీసుకోవడం వీటితో పోలిస్తే ఎంత? అయితే ధర్మం గురించి మాట్లాడేటప్పుడు 'నా వంతు ఎంత చిన్నది' అన్నది జవాబు కాదు. నా వంతు చిన్నదైతే దాన్ని తీర్చడమూ తేలికే కదా.

మూడోది కాస్త కటువుగా వచ్చింది: "మన దేశానికి వచ్చి రెండు వందల ఏళ్ళు దోచుకున్నవాళ్ళు మనకు ఏం బాకీ తీర్చారు? మనకే ఎందుకీ నీతులు?" ఈ ప్రశ్న మా ఇద్దరి మధ్యా రెండు రోజులు నడిచింది. చివరికి మాకు తోచిన జవాబు ఇది. మన గడ్డ మీదకు వేలమంది దొరలు వచ్చారు, జీతాలు తీసుకున్నారు, పెన్షన్లతో వెళ్ళిపోయారు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఈనాటికీ ప్రేమగా తలుచుకునే పేర్లు ఎన్ని? గట్టిగా చెప్పాలంటే రెండు. ఒకరు సి.పి. బ్రౌన్. 1820లో కడపకు వచ్చి, తెలుగు నేర్చుకుని, చెదలు తింటున్న తాళపత్రాలు సేకరించి, నిఘంటువు తయారుచేశారు. రెండోవారు ఆర్థర్ కాటన్. 1852 నాటికి ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట పూర్తిచేశారు. గోదావరి జిల్లాల్లో ఊరూరా ఆయన విగ్రహం ఉంది. ఇద్దరూ పాలకుల కొలువులోని వాళ్ళే. ఆ పాలన మంచిదని ఎవరూ అనరు. అయినా ఒకరు మన మాట నేర్చుకున్నారు, ఒకరు మన నీళ్ళ సంగతి పట్టించుకున్నారు. అందుకే తెలుగువాడు వాళ్ళను పరాయివాళ్ళుగా చూడడు. పంచాంగం చెప్పే రాజపూజ్యం అంటే ఇదే అనుకుంటాం. ఊరు ఇచ్చేది, కొనుక్కోలేనిది. మిగతా వేలమంది ఎలా బతికారో మన మీద చూపించి పోయారు. వాళ్ళలా ఉండాలా, ఈ ఇద్దరిలా ఉండాలా అన్నది మన ఇష్టం.

సరే, మనం ఆనకట్టలు కట్టలేం, నిఘంటువులు రాయలేం. ముసలితనంలో మోకాళ్ళ నొప్పులతో వెళ్ళే మనవంటి వాళ్ళు ఆ ఊరి బాకీ ఎలా తీర్చాలి? మేము ఇంట్లో కూర్చుని నాలుగు షరతులు రాసుకున్నాం. వీటిని తీర్చగలమనుకుంటేనే వెళ్ళాలని అనుకున్నాం.

ఒకటి, ఊరి పుస్తకంలో పేరు. స్పెయిన్‌లో ప్రతి ఊరికీ 'పద్రోన్' అనే నివాసుల జాబితా ఉంటుంది. అక్కడ ఉండేవాళ్ళంతా అందులో పేరు రాయించుకోవాలి. ఆ ఊరి జనాభా లెక్కనుబట్టే పైనుంచి నిధులు వస్తాయి. ఉత్తరాది దేశాల నుంచి వచ్చిన చాలామంది ఏళ్ళ తరబడి ఉంటూ కూడా పేరు రాయించుకోరు. అంటే ఆ ఊరి వైద్యశాల, వీధి దీపం, చెత్తబండి అన్నీ వాడుకుంటూ, లెక్కలో మాత్రం లేనట్టు. ఏడాదిలో 183 రోజులు మించి ఉంటే పన్ను కూడా అక్కడే కట్టాలి. తప్పించుకునే ఉపాయాలు చెప్పేవాళ్ళు దొరుకుతారు. ఆ ఉపాయం వినే ముందు తూరియా తోటలో బెంచీని తలుచుకోవాలి. బ్రిటన్, స్పెయిన్ 2019లో చేసుకున్న ఒప్పందం ప్రకారం, బ్రిటిష్ పౌరులు అక్కడ మూడేళ్ళు నివాసం ఉన్నాక ఊరి ఎన్నికల్లో ఓటు కూడా వేయవచ్చు. లెక్కలో ఉన్నవాడికే ఆ హక్కు.

రెండు, భాష. స్పానిష్ కాస్తయినా రావాలి, వలెన్సియన్‌లో నాలుగు మాటలు రావాలి. పొద్దున 'బొన్ దియా' అంటే కొట్టు ముసలాయన ముఖం ఎలా మారుతుందో మేము చూశాం. మర్యాద సంగతి అలా ఉంచినా, ఇందులో స్వార్థం కూడా ఉంది. డెబ్భై దాటాక ఆసుపత్రి మంచం మీద నొప్పి ఎక్కడో, ఎలా ఉందో చెప్పుకోవాల్సింది మనమే. మనలో ఒకరు ముందు వెళ్ళిపోతే మిగిలినవారు పక్కింటి తలుపు తట్టి ఏ భాషలో ఏడుస్తారు? ఈ మాట ఎవరూ అనరు గాని, రిటైరై వెళ్ళే ప్రతి జంటా అనుకోవాల్సిన మాట.

మూడు, ఇల్లు. ఏడాదిలో మూడు నెలలుండి తొమ్మిది నెలలు తాళం వేసే ఇల్లు కొనకూడదని అనుకున్నాం. తాళం వేసిన ప్రతి ఇల్లూ ఎవరో ఒక కుర్ర జంటకు దక్కని చోటు. ఉంటే ఉండాలి, లేకపోతే ఆ ఇంట్లో ఇంకొకరు ఉండాలి. మేము లేనప్పుడు పర్యాటకులకు వారాల లెక్కన ఇవ్వకూడదని కూడా రాసుకున్నాం. శతపథ బ్రాహ్మణం చెప్పిన 'చోటు' మన కాలంలో ఇదేనేమో.

నాలుగు, కష్టకాలం. వరద వచ్చినా, రోగం వచ్చినా, మొదటి విమానం పట్టుకుని ఇంగ్లండ్ వచ్చేసే పద్ధతైతే ఆ ఊరు మనది కాదు. పార పట్టలేకపోవచ్చు. వండి పెట్టగలం. ఇరవై మందికి పప్పు, అన్నం వండడం మన గుడిలో అందరికీ వచ్చిన విద్యే. ఆల్బుఫేరా సరస్సు చుట్టూ వరి పండించే ఆ ప్రాంతంవాళ్ళకు అన్నం పెట్టే చేతిని పరిచయం చేయనక్కరలేదు.

ఈ నాలుగూ చూసి మా అమ్మాయి, "ఇన్ని షరతులైతే ఇంగ్లండ్‌లోనే ఉండొచ్చుగా?" అంది. మేమూ అదే అనుకున్నాం. నిజానికి ఈ నాలుగూ ఇక్కడి ఊరికీ వర్తిస్తాయి. మనల్ని ఇన్నాళ్ళు పెట్టుకున్న ఈ ఊరికి, ఈ గుడికి, వారం వారం దీపం పెట్టే మనుషులకు మన బాకీ తీరిందా అన్నది విడిగా వేసుకోవాల్సిన లెక్క. వెళ్ళేవాళ్ళు గుడి పనుల్లో తమ స్థానంలోకి ఇంకొకరిని తయారుచేసి వెళితే బాగుంటుంది. మా నిర్ణయం ఇంకా పూర్తికాలేదు. ఆదాయ వ్యయాలు సరిపోయాయి. స్పానిష్ పాఠాలు మొదలుపెట్టాం. మిగతాది చూడాలి.

చివరగా పండగ మాట. వలెన్సియాలో మార్చి నెలలో 'ఫాయాస్' అనే పెద్ద పండగ జరుగుతుంది. వీధి వీధికీ ఒక సంఘం ఉంటుంది. ఏడాది పొడవునా చందాలు వేసుకుని, అట్టతో, చెక్కతో, నురుగు పదార్థంతో ఎత్తైన బొమ్మల కొలువు తయారుచేస్తారు. మార్చి 19 రాత్రి వాటిని తగలబెట్టేస్తారు, మన భోగి మంటల్లాగే. జనం ఓట్లు వేసి ఎంచుకున్న ఒకటి రెండు బొమ్మలను మాత్రం మంటల్లోంచి తప్పించి దాచుకుంటారు. 2026లో మన పరాభవ ఉగాదీ, వాళ్ళ మంటల రాత్రీ రెండూ మార్చి 19నే. ఆ నాలుగైదు రోజులు లక్షల మంది చూడడానికి వస్తారు, ఫొటోలు తీసుకుంటారు, వెళ్ళిపోతారు. వాళ్ళను ఎవరూ తప్పుపట్టరు. అతిథులు అతిథులే. కానీ వీధి సంఘానికి నెలనెలా చందా కట్టి, రాత్రిళ్ళు కూర్చుని రంగులు వేసి, మర్నాడు పొద్దున బూడిద ఊడ్చేవాళ్ళ పండగ వేరు.

మన గుడిలో ఈ తేడా అందరికీ తెలిసిందే. ఉగాది పచ్చడి రుచి చూసి, భోజనం చేసి, నమస్కారం పెట్టి వెళ్ళేవాళ్ళు కొందరు. అందరూ వెళ్ళాక కుర్చీలు మడిచి, గిన్నెలు కడిగి, తాళం వేసి వెళ్ళేవాళ్ళు కొందరు. గుడి మీద ప్రేమ ఇద్దరికీ ఉంటుంది. గుడి మాత్రం రెండోవాళ్ళ మీద నిలబడి ఉంటుంది. ఎండ ఉన్న ఊరికైనా, వాన ఉన్న ఊరికైనా ఇదే వర్తిస్తుంది. మనలో ఎవరు ఎక్కడికి వెళ్ళినా, ఆ ఊళ్ళో గిన్నెలు కడిగే వరుసలో ఒక చోటు వెతుక్కోవాలని కోరుకుంటూ, మీ అందరి ఆదాయం వ్యయాన్ని మించాలనీ, రాజపూజ్యం అవమానాన్ని మించాలనీ ఆశిస్తున్నాం.

ఉగాది భోజనాల రోజున గిన్నెల దగ్గర కలుద్దాం.